వేడెక్కితేనే పట్టే బ్రేకు

పద్మశ్రీకి ఆ కారంటే మొదటిసారి భయం పుట్టింది మే నెలలో, పులివెందుల నుంచి వస్తూ ముద్దనూరు వైపు ఘాటు రోడ్డు దిగేటప్పుడు.

ఆమె జమ్మలమడుగు పశువుల ఆస్పత్రిలో డాక్టరు. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున్నే తనే కారు తోలుకుంటూ జమ్మలమడుగు పోయి, అక్కణ్ణుంచి పల్లెలు తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఆ రోజు పులివెందులలో మీటింగు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు నిండా టీకా మందుల పెట్టెలు, డిక్కీలో ఐసు డబ్బాలు. ఎండ మండిపోతోంది. ముందు ఒక సిమెంటు లారీ మెల్లగా దిగుతుంటే, దాన్ని దాటే వీలు లేక మూడు మలుపుల దాకా బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా వచ్చింది. నాలుగో మలుపులో పెడలు మెత్తబడిపోయింది. తొక్కితే కిందికి పోతోంది గానీ బండి ఆగడం లేదు. ముక్కు పగిలే కమురు వాసన. గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, రోడ్డు పనికని కొండ పక్కన పోసిన కంకర గుట్ట మీదికి ఎక్కించి ఆపింది. దిగి ఒక రాయి మీద కూర్చుంది. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ వస్తూనే ఉంది.

ఆమె భర్త గోపీకృష్ణకు ప్రొద్దుటూరులో అన్నదమ్ములతో కలిసి బట్టల షాపు ఉంది. పెళ్లయిన పదకొండేళ్లలో, పల్లెల్లో నువ్వేం పడుతున్నావని ఒక్కసారీ అడిగిన మనిషి కాదు. ఆ సాయంత్రం మాత్రం చేతిలోని ఫోను పక్కన పెట్టి మొత్తం విన్నాడు. ఎంతసేపు తొక్కావు, ఏ గేరులో ఉన్నావు, పొగ ఏ చక్రం నుంచి వచ్చింది అని ఒక్కొక్కటీ అడిగాడు. నా కోసం ఇంత ఆరాటపడుతున్నాడే అని ఆమె మనసు కరిగింది. ఆ ఆరాటం తన కోసం కాదని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

కారు పద్మశ్రీ పేరు మీదే ఉంది. వారంలో ఆరు రోజులు తోలేది ఆమె. ఆదివారం మాత్రం గోపీకృష్ణది. ఆయన, ఆయన స్నేహితులు ఐదారుగురు తలా ఒక కారు వేసుకుని గండికోట దాకా పోయి వస్తారు. అక్కడ బండ్లు వరసగా నిలబెట్టి ఒకరి బండి ఒకరు చూసుకుంటారు. వాళ్లలో వెంకటేష్ అనే బంగారు షాపు ఆయన ఈ మధ్య చక్రాల లోపల చిల్లులు పొడిచిన డిస్కులు, ఎర్ర రంగు పూసిన బ్రేకు సామాను బిగించుకున్నాడు. అప్పటి నుంచి అందరూ ఆ చక్రాల దగ్గరే వంగి చూడటం గోపీకృష్ణ మనసులో పెట్టుకున్నాడు. ఇంట్లో చెప్పడానికి ఇన్నాళ్లూ సాకు లేదు. ఇప్పుడు దొరికింది.

మైదుకూరు రోడ్డులో మున్వర్ షెడ్డు. కువైట్‌లో పద్నాలుగేళ్లు పెద్ద గ్యారేజీలో బ్రేకుల పనే చేసి వచ్చినవాడు, బ్రేకు విషయంలో ఊళ్లో అతని మాటే మాట. ఇద్దరూ కలిసే పోయారు. మున్వర్ చక్రాలు విప్పి, డిస్కు అంచున వేలు పెట్టి చూడమన్నాడు. లోపలి భాగం అరిగిపోయి అంచు గట్టు కట్టింది. బ్రేకు ఆయిలు టీ డికాక్షన్‌లా నల్లబడి ఉంది. ఆ ఆయిలు నీళ్లు పట్టిందని, కొండ దిగేటప్పుడు లోపలే ఉడికి ఆవిరైందని, అందుకే పెడలు మెత్తబడిందని చెప్పాడు.

గోపీకృష్ణ ఫోను తీసి బొమ్మలు చూపించాడు. చిల్లుల డిస్కులు, ఆ డిస్కులను నొక్కి ఆపే ప్యాడ్లు, అదీ రేసు కార్లకు వేసేవి. ఎనిమిది వందల డిగ్రీలు వేడెక్కినా పట్టు తప్పవట అని చదివి వినిపించాడు.

మున్వర్ ఆ ఫోనును చాలాసేపు చూసి తిరిగిచ్చాడు.

"రోడ్డు మీద తిరిగే బండి అన్నా ఇది. దీనికి మంచి కంపెనీవి ప్లెయిన్ డిస్కులు, రోడ్డుకని చేసిన ప్యాడ్లు, కొత్త ఆయిలు. అంతే. ఆ ఘాటు దినానికి పదిసార్లు దిగినా ఏం కాదు. ఆ చిల్లుల కాడ చీలిక పడతాది రేపు. డిస్కు సంగతి అట్ల పెట్టు, ప్యాడు ముఖ్యం. రేసు ప్యాడు వేడెక్కితేనే పడతాది. చల్లగున్నప్పుడు చెక్కతో సమానం."

"మరి పొద్దున్నే ఇంట్లోంచి తీసినప్పుడు? మొదటి బ్రేకు?" అని అడిగింది పద్మశ్రీ.

మున్వర్ ఆమె వైపు చూడలేదు. గోపీకృష్ణ వైపే చూసి, "మేడం అడిగిందే అసలు సంగతన్నా" అన్నాడు.

గోపీకృష్ణ నవ్వేశాడు. ఘాటులో ప్రాణం పోయేది తప్పింది, ఇప్పుడు కూడా తక్కువ సామాను వేయమంటే ఎట్లా అన్నాడు. వెంకటేష్ బండికి ఏమైందట అన్నాడు. వెంకటేష్ వేసింది పైన చూపుకేనని, లోపలి ప్యాడ్లు మామూలువేనని మున్వర్ చెప్పాడు. ఆ మాట గోపీకృష్ణకు ఇంకా ఉత్సాహాన్నిచ్చింది. అంటే ఊళ్లో నిజం రేసు ప్యాడ్లు ఎవరికీ లేవన్నమాట.

ఆ రోజు ఏదీ తేలలేదు. పాత వాటితోనే సర్ది, ఆయిలు మార్చి పంపించాడు మున్వర్. మళ్లీ ఈ విషయం మాట్లాడుకుంటాంలే అని పద్మశ్రీ అనుకుంది. మాట్లాడుకోలేదు. సెప్టెంబరులో ఆమె గాలికుంటు టీకాల పనిలో పడి మూడు రోజులు ఆస్పత్రి జీపులోనే తిరిగింది. వచ్చి చూసేసరికి బెంగళూరు నుంచి సామాను రావడం, బిగించడం కూడా అయిపోయింది. చక్రాల సందుల్లోంచి ఎర్రగా కనిపిస్తోంది. అత్త శకుంతలమ్మ కారుకు నిమ్మకాయలు కూడా తొక్కించింది.

ఆ ఆదివారం గోపీకృష్ణ ఆమెను పట్టుబట్టి గండికోటకు తీసుకెళ్లాడు. జమ్మలమడుగు దాటాక నిర్మానుష్యమైన రోడ్డు మీద నాలుగైదు సార్లు గట్టిగా తోలి, గట్టిగా ఆపి చూపించాడు. నిజమే, వేడెక్కాక ఆ బ్రేకులు బండిని మెడ పట్టుకుని ఆపినట్టు ఆపాయి. స్నేహితులందరూ వంగి చూశారు. వెంకటేష్ మోకాళ్ల మీద కూర్చుని మరీ చూశాడు. ఆ రోజంతా గోపీకృష్ణ చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఆమెకు ముచ్చటేసింది కూడా.

సోమవారం పొద్దున వీధి చివర మొదటిసారి తొక్కినప్పుడు ఆమెకు మున్వర్ అన్న చెక్క కాలికి తగిలింది. పెడలు గట్టిగానే ఉంది. ఎంత తొక్కినా కిందికి పోదు. బండి మాత్రం తన పాటికి తను సాగిపోయి, మెయిన్ రోడ్డు మీదికి సగం వచ్చి ఆగింది. ఒక స్కూటరతను తిట్టుకుంటూ పోయాడు. జమ్మలమడుగు చేరేసరికి బ్రేకు మామూలుగానే ఉంది. పల్లెలో ఒక గంట నిలిపి తీస్తే మళ్లీ అదే తంతు. పైగా ఆపినప్పుడల్లా కీచుమని అరుపు. ఆ అరుపుకు గొర్రెలు చెదిరిపోతుంటే కాపర్లు నవ్వేవారు.

ఆ సాయంత్రం చెప్పింది. మెత్తటి బ్రేకులకు అలవాటు పడిన కాలు నీది, గట్టిగా తొక్కడం నేర్చుకోవాలి అన్నాడు గోపీకృష్ణ. మర్నాడూ చెప్పింది. మూడో రోజు ఆయన విసుక్కున్నాడు.

నాలుగో రోజు ఆమె ఒక్కతే మున్వర్ షెడ్డుకు పోయింది. అతను అంతా విని తల ఊపాడు. ఇట్లా అవుతుందని బిగించేటప్పుడు కూడా అన్నకు చెప్పానన్నాడు. ఆ బండికి సరిపోయే ప్లెయిన్ డిస్కులు, రోడ్డు ప్యాడ్లు షెడ్డులోనే ఉన్నాయట, రెండు గంటల పనట.

"అయితే మార్చేయ్ అన్నా. బండి నాదే కదా" అంది పద్మశ్రీ.

"మీదే మేడం. పని చెప్పింది అన్న కదా. ఒక్క మాట ఫోను చేసి చెప్పండి, చాలు."

ఫోను చేసింది. షాపులో బేరాల మధ్య ఉన్నాడు గోపీకృష్ణ. మొదట నవ్వాడు, తర్వాత ఫోను మున్వర్‌కు ఇవ్వమన్నాడు. అవతల ఏమన్నాడో ఆమెకు వినపడలేదు. మున్వర్ మాత్రం "సరేన్నా, సరే" అని రెండుసార్లు అని, ఫోను ఆమెకిచ్చి, చేతిలోని చక్రాల పానాను అరలో పెట్టేశాడు.

అప్పుడు ఆమె ఒక్క మాట అనవలసింది. నువ్వు విప్పన్నా, నేను చూసుకుంటా అని. కానీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాట ఏదైనా రాత్రికి అత్తదీ, మర్నాటికి బావలదీ అయిపోతుంది. పోయిన నెలే ఆమె లింగాలకు బదిలీ అడుగుతానంటే వారం రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మళ్లీ అదంతా పడే ఓపిక లేకపోయింది. తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

తనకు తనే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. ఇంటి నుంచి బయలుదేరగానే ఎడమ కాలితో బ్రేకు కొంచెం తొక్కిపెట్టి, వీధి చివరి దాకా అట్లాగే ఈడ్చుకుంటూ పోయేది. మెయిన్ రోడ్డు చేరేసరికి కాస్త వేడి పుట్టేది, కాస్త పట్టు దొరికేది. అక్టోబరు, నవంబరు అట్లా గడిచాయి. అలవాటైపోయింది కదా, చూశావా అన్నాడు గోపీకృష్ణ. అవునంది. తనకూ అట్లాగే అనిపించింది.

డిసెంబరులో ఒక పొద్దున, ఆరూ ఆరుంపావు మధ్య, జమ్మలమడుగు అవతలి పల్లె నుంచి ఒక రైతు ఫోను చేశాడు. బర్రె ఈనలేక కొట్టుకుంటోందని, దూడ కాలు ఒకటే బయటికి వచ్చిందని, రాత్రి నుంచి పడుకునే ఉందని. ఆమె సంచి తీసుకుని పరుగున వచ్చి బండి తీసింది. మనసంతా ఆ దూడ తల ఎటు తిరిగి ఉందో అన్నదాని మీదే ఉంది. ఎడమ కాలు సంగతి మర్చిపోయింది.

వీధి చివర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే దిల్షాద్‌బీ తోపుడు బండిని రోడ్డు దాటిస్తోంది. పద్మశ్రీ ఆమెను దూరం నుంచే చూసింది. చూసే తొక్కింది. కాలికి చెక్క తగిలింది. రెండు కాళ్లతో తొక్కింది. వేగం ముప్పైకి మించి లేదు, ఆ ముప్పైతోనే కారు కీచుమని కూడా అనకుండా పోయి తోపుడు బండిని గుద్దింది. బండి చక్రానికీ కారు బంపరుకూ మధ్య దిల్షాద్‌బీ కుడికాలు పడింది. బొరుగులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి.

పద్మశ్రీ దిగి, కారును చేతులతో వెనక్కి నెట్టి, ఆమె కాలు విడిపించింది. మోకాలి కింద ఎముక రెండుగా విరిగి చర్మాన్ని చీల్చుకు వచ్చింది. విరిగిన తోపుడు బండి నుంచి చెక్క ఒకటి లాగి, దూడల కోసం తెచ్చిన పట్టీలతో కాలికి కట్టు కట్టింది. ఆటో పిలిచి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి పోయింది. దారి పొడుగునా దిల్షాద్‌బీ "నా పొయ్యి ఆర్పినారా, చూడండమ్మా" అని అదే మాట అడుగుతూ వచ్చింది.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయాక పద్మశ్రీ భర్తకు ఫోను చేసింది. జరిగింది చెప్పింది.

"బండి యాడుంది?" అని అడిగాడు గోపీకృష్ణ.

సాయంత్రం దాకా ఆస్పత్రిలోనే ఉంది. పోలీసులు వచ్చి వివరాలు రాసుకుని, బండిని మర్నాడు స్టేషనుకు తెమ్మన్నారు. ఇల్లు చేరేసరికి కారు వాకిట్లో ఉంది, బంపరు ఒక పక్క నొక్కుకుపోయింది. ఎందుకో ఆమె చూపు చక్రాల మీదికి పోయింది. ఎరుపు లేదు. వంగి చూసింది. లోపల కొత్త ప్లెయిన్ డిస్కులు తళతళలాడుతున్నాయి. తను అడిగినవే. రెండు గంటల పని.

గోపీకృష్ణ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆమె అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"నీ కోసమేలే పద్మా. ఆ సామాను చూస్తే ఇన్సూరెన్సోళ్లు ఒప్పుకోరు. బండికి ఇష్టమొచ్చినవి బిగించినారని కేసు ఇంకా పెద్దదైతాది. ఇప్పుడైతే మామూలు యాక్సిడెంటు. ఎవరికైనా జరిగేదే."

"ఇప్పుడైతే తప్పు నా ఒక్కదానిదే."

"తోలింది నువ్వే కదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉన్న విషయం చెప్పినట్టే చెప్పాడు.

మర్నాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి స్టేషను ముందు రోడ్డు మీద కారు నడిపి చూశాడు. తొక్కిన చోట తొక్కినట్టే ఆగింది. బ్రేకులు చక్కగా పనిచేస్తున్నాయి, బండిలో లోపం ఏదీ లేదు అని రాశాడు. ఇంత కొత్త బ్రేకులు పెట్టుకుని కూడా గుద్దారేమిటమ్మా అన్నట్టు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

పద్మశ్రీ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు స్టేషనుకు పోయి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చింది. ఏ ప్యాడ్లు ఉండేవో, ఎప్పుడు మార్చారో అంతా. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. రిపోర్టు ఇట్లా ఉంది మేడం, మీ మాటకు సాక్షి ఎవరు అని అడిగాడు. మున్వర్ పేరు చెప్పింది. పిలిపించారు. మున్వర్ ఆమెకు నమస్కారం పెట్టి, ఎస్సై వైపు తిరిగి, తను ఆ బండికి మొదటి నుంచీ వేసింది ప్లెయిన్ సెట్టేనని చెప్పాడు.

బయట చెట్టు కింద అతను ఆమె కోసం ఆగి ఉన్నాడు.

"నేను బిగించినానని చెప్తే తప్పు నా మీదికే వస్తాది మేడం. అన్న మీదికి రాదు, మీ మీద కూడా తగ్గదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు." అన్నాడు. "మీకు మాత్రం నేను ముందే చెప్పినా."

"చెప్పినావు" అంది పద్మశ్రీ.

ఆ కాగితం సంగతి సాయంత్రానికల్లా ఇంటికి తెలిసిపోయింది. కట్టుకున్నవాణ్ణి స్టేషనుకు ఈడ్చావని శకుంతలమ్మ అన్నం మానేసింది. గోపీకృష్ణ మాట్లాడటం మానేశాడు. బజారులో మాత్రం మాటలకు కొదవ లేదు. ఆడమనిషి కారు తోలితే ఇట్లాగే ఉంటుందని కొందరు, చేసింది చాలక మొగుడి మీద, బ్రేకు మీద తోస్తోందని కొందరు.

ఒక్క మనిషికైనా నిజం తెలియాలి అనుకుంది ఆమె. జనవరిలో దిల్షాద్‌బీ ఇంటికి పోయింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం లేదు. దిల్షాద్‌బీ మంచం మీద కాలు బారజాపుకుని కూర్చుని ఉంది. తోపుడు బండి తోసే రోజులు అయిపోయాయి. చెల్లెలు అఖ్తర్ బీ వాకిట్లోనే పొయ్యి పెట్టి, వచ్చినవాళ్లకు బజ్జీలు వేస్తోంది. వీధి చివర బండి దగ్గరికి వచ్చినంత మంది ఈ సందులోకి రారు.

టీ ఇచ్చారు. పద్మశ్రీ ఘాటు దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. తను వద్దన్నది, మున్వర్ చెప్పింది, భర్త వినకపోవడం, గుద్దిన రోజే ఆయన బ్రేకులు మార్పించడం, ఏదీ దాచలేదు. చెబుతుంటే గుండె బరువు దిగుతున్నట్టే ఉంది. దిల్షాద్‌బీ ఎక్కడా అడ్డు రాకుండా వింది.

"ఆ బ్రేకు పొద్దున పూట పట్టదని నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసమ్మా?" అని అడిగింది చివరికి.

"రెండున్నర నెలలు."

దిల్షాద్‌బీ కాలి మీద దుప్పటి సరిచేసుకుంది.

"ఊరంతా ఏందేందో అంటాంటే నేను అందరితో కొట్లాడినా తల్లీ. పాపం, డాక్టరమ్మ శానా మంచిది, కావాలని చేసిందా, అనుకోకుండా అయిపాయ అంటి. దేవుడు రాసినాడు, అంతేలే అనుకుంటి. ఇప్పుడు నువ్వొచ్చి, తెలిసే తోలినానని చెప్తాండావు."

"ఆయన వినలేదు..."

"నీ మొగుడు ఇనలేదు. ఆ మెకానిక్కు ఇనలేదు. సరే. తాళం నీ చేతిలోనే ఉండె కదా."

అఖ్తర్ బీ పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది.

ఫిబ్రవరిలో కోర్టులో ఆమె తప్పు ఒప్పుకుంది. లాయరు అదే సుళువన్నాడు, ఆమెకూ అదే సరి అనిపించింది. జరిమానాతో పోయింది. ఇన్సూరెన్సు వాళ్లు దిల్షాద్‌బీకి ఇవ్వవలసింది ఇచ్చారు. ఇదంతా చూసి గోపీకృష్ణ, నేను చేసిందే మంచిదైంది కదా అని రెండు నెలల తర్వాత మొదటి మాట మాట్లాడాడు. ఆ మాట కాదనడానికి వీల్లేకపోవడమే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. తను రాసిచ్చిన నిజం స్టేషనులో నిలిచి ఉంటే దిల్షాద్‌బీకి ఆ మాత్రం కూడా దక్కేది కాదేమో.

బదిలీ అడిగింది. ఈసారి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. లింగాలలో ఉద్యోగం, పులివెందులలో చిన్న అద్దె ఇల్లు. కారు తనతోనే తెచ్చుకుంది. ఆ ఘాటు దిగి బుధవారం బుధవారం ప్రొద్దుటూరు వస్తుంది. ఆ రోజు దిల్షాద్‌బీ మోకాలికి ఆస్పత్రిలో వ్యాయామం చేయించాలి, సందు చివరి దాకా ఆమె నడవలేదు. మొదటి బుధవారం పద్మశ్రీ కారును వాకిలి దాకా తెచ్చి వెనక తలుపు తీసి పట్టుకుంది. దిల్షాద్‌బీ గడప మీద నిలబడి, చెల్లెలి భుజం పట్టుకుని, కారును కాసేపు చూసింది. ఆమె ముఖంలో కోపం లాంటిదేమీ లేదు.

"ఆటో పిలువు అఖ్తరూ" అంది.

ఇప్పటికీ అంతే. పద్మశ్రీ ప్రతి బుధవారం వస్తుంది. తలుపు తీయడం మానేసింది. ఆటో ముందు పోతుంటే దాని వెనకే ఆస్పత్రి దాకా పోయి, బయట బెంచీ మీద కూర్చుంటుంది. దిల్షాద్‌బీ లోపలి నుంచి వచ్చి మళ్లీ ఆటో ఎక్కేదాకా ఉండి, పులివెందులకు తిరిగి పోతుంది.